జెండా కర్ర మీద ఆర్నెల్లు

“తాడు ఇరుక్కుంది. అంతే జరిగింది. అదేమంత గొప్ప కాదు నాయనా, కల్లు గీసేవాడు ఎవడైనా చేసే పనే నేనూ చేశాను,” అని మొదలుపెట్టాడు కౌరాబి తాత, తన వంశం వాళ్ళు కూర్చునే స్తంభానికి వీపు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంటూ.

నేను చావడిలోకి వచ్చింది పేర్లు రాసుకోవడానికి. ఈ జులైకి పసిఫిక్ నడిమధ్యనున్న మా కిరిబాస్‌కి స్వతంత్రం వచ్చి నలభై ఏళ్ళు. మొదటిసారి జెండా ఎక్కిన రోజున రాజధాని టారవాలో ఉన్నవాళ్ళెవరైనా మిగిలుంటే, ఓడలో తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెడతారట. మా ఒనోటోవా దీవిలో అలాంటివాళ్ళు ఎవరున్నారో చూసి రమ్మని, గుమస్తానైన నాకు పుస్తకం ఇచ్చి పంపింది దీవి పంచాయతీ. అప్పటికి నాలుగు పేర్లు రాశాను. ఐదోవాడిగా వచ్చి కూర్చున్నాడు డెబ్భై ఆరేళ్ళ కౌరాబి తాత. ఈయన కోతలు వినకుండా మా దీవిలో ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు, నేను కూడా.

“రాసుకో, నిదానంగా చెబుతా. జులై పన్నెండు. మైదానం నిండా జనం. తెల్ల టోపీల దొరలు వరసగా నిలబడ్డారు. వాళ్ళ జెండా దిగింది, మనది ఎక్కాలి. సగం దాకా ఎక్కి ఆగిపోయింది. కప్పీలో తాడు ఇరుక్కుంది. బ్యాండు వాళ్ళు వాయించిందే మళ్ళీ వాయిస్తున్నారు, ముసలాళ్ళు నిలబడలేక కూలబడుతున్నారు, దొరలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. స్వతంత్రం సగంలో ఆగితే ఎట్లా ఉంటుందో ఆలోచించు, వాళ్ళ కిందా లేం, మన కాళ్ళ మీదా లేం. నేను లుంగీ బిగించి కర్ర ఎక్కాను.”

“నేను ముందు వరసలోనే కూర్చున్నా,” అన్నాడు బురెంటౌ తాత. నా పుస్తకంలో మొదటి పేరు ఆయనదే. తన వంశం చోట కూర్చుని మాట్లాడేవాణ్ణి మా చావడిలో అబద్ధాలకోరు అనకూడదు. అందుకని ఆయనెప్పుడూ ప్రశ్నలే అడుగుతాడు. “నువ్వెక్కుతుంటే నేనెటు చూస్తున్నానంటావ్?”

“బ్యాండు వంక చూస్తున్నావ్. నీకు చిన్నప్పట్నుంచీ బాకాలంటే పిచ్చి.”

చాపలు అల్లుకుంటున్న ఆడవాళ్ళు నవ్వారు. కౌరాబి తాత నవ్వలేదు. కోతలు కోసేటప్పుడు ఆయన మొహం ప్రార్థనలో ఉన్నట్టు ఉంటుంది.

“కప్పీ విడదీశా. జెండా పైకొచ్చింది. దాని మీద పక్షి ఉంది చూశావూ, అది నేను పెంచిన పక్షే. బొమ్మ వేసినాయన ఎవరో నాకు తెలీదు గానీ, దేన్ని చూసి వేశాడో తెలుసు. నా చేతిలో చేప తిని పెరిగింది కదా, నన్ను గుర్తుపట్టి రెక్క కొట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రోజు గాలి లేదు. ఆకు కదల్లేదు. అయినా జెండా రెపరెపలాడింది. ఎట్లా? అడుగు బురెంటౌని.”

“గాలి ఉంది,” అన్నాడు బురెంటౌ తాత.

“అదే నేనూ అడిగేది. ఆ గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని.”

మళ్ళీ నవ్వులు. నేను కలం మూతపెట్టి వింటున్నాను.

“ఇంత పైకి వచ్చాం కదా అని చుట్టూ చూశాను. ముప్ఫై మూడు దీవులూ కనిపించాయి. తూర్పు వైపు కొన్ని మావంటున్నారు అప్పట్లో అమెరికా వాళ్ళు. నేను పైనుంచే ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాను. అన్నీ పలికాయి. మన భాషలోనే పలికాయి! సెప్టెంబరులో వాళ్ళు వచ్చి, అవి మీవేనని సంతకం పెట్టారంటే ఊరికే పెట్టారా?”

“జులైలో ఎక్కినవాడివి సెప్టెంబరు దాకా కర్ర మీదే ఉన్నావా తాతా?” అంది చాపల దగ్గర్నుంచి ఒకామె.

“దిగనిస్తేగా! కొత్త దేశం తల్లీ. ఒక్క పూట కన్నార్పితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? డిసెంబరు దాకా దిగలేదు. తిండి పక్షి తెచ్చిపెట్టేది. ఆ ఏడాది చివర్లోనే కదా, బనాబా దీవి నుంచి ఆఖరి ఎరువు రాళ్ళ ఓడ వెళ్ళిపోయింది. ఎనభై ఏళ్ళు దొరలు తవ్వుకుపోయారు. పంటలు వాళ్ళ పొలాల్లో పండాయి, గోతులు మనకి మిగిలాయి. ఆఖరి రాయి ఓడెక్కేసరికి, పాపం, ఆ దీవి తేలికైపోయి కొబ్బరిచిప్పలా కొట్టుకుపోతోంది. దాని మీద సమాధులున్నాయి, వాటిలో పెద్దలున్నారు. ఎట్లా వదిలేస్తాం? పీచుతాడు పేని విసిరా. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఉచ్చు పడింది. లాక్కొచ్చి జెండా కర్రకి కట్టేశా. ఇప్పటికీ దాని చోట అది ఉందా లేదా? మరి ఎవరు కట్టినట్టు?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. బనాబా మాటెత్తితే నవ్వే అలవాటు మాకు లేదు.

“ముడి వేస్తుంటే పొద్దుపోతోంది. సూర్యుడితో అన్నాను, ‘ఆగవయ్యా, జెండా మీద నీ బొమ్మ కూడా ఉంది, ఇకనుంచి నువ్వూ మనవాడివే’ అని. ఆగాడు. సగం నీళ్ళలో మునిగి, మిగతా సగంతో వెలుగు చూపించాడు. అందుకే నాయనా, జెండా మీద సగం సూర్యుడే ఉంటాడు. రాసుకున్నావా? కౌరాబి, చివర ‘బి’తో రాయి, ‘పి’ కాదు.”

“ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు,” అన్నాడు బురెంటౌ తాత. “ఇక్కణ్ణుంచి ముప్ఫై ఆరుగురం వెళ్ళాం. మూడు రాత్రులు ఓడ డెక్కు మీద పడుకున్నాం. ఎవరి పక్కన ఎవరు పడుకున్నారో నాకిప్పటికీ గుర్తే. నీ చాప ఎక్కడ వేశావు?”

కౌరాబి తాత నోరు తెరిచాడు. ఈత కొట్టుకుంటూ వెళ్ళాననో, పక్షి మీద వెళ్ళాననో అంటాడని ఎదురుచూశాం. ఆయన నా పుస్తకం వంకే చూస్తున్నాడు. చచ్చేలోపు ఆ మైదానం ఒక్కసారి చూడాలని ఆయనకెంత ఉందో అప్పుడు అర్థమైంది నాకు.

“రాయకండి,” అంది వెనక కూర్చున్న ఆయన కూతురు కరావా. “మా నాన్న ఈ దీవి దాటి ఎరగడు. ఓడెక్కి, భయపడి దిగిపోయాడని ఊరంతా చెప్పుకుంటారు. ఎందుకు నాన్నా ఈ కోతలు? నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, నేను తల దించుకుంటూనే ఉన్నాను. ఇక చాలు.”

ఆయన తలవంచి తన అరచేతులు చూసుకున్నాడు.

“నోరు ముయ్యవే,” అంది టెరూబే అవ్వ. కరావాకి పెద్దమ్మ, చచ్చిపోయిన తల్లికి అక్క. చాప పక్కన పెట్టేసి ఇటు తిరిగింది.

“వదినా, వద్దు,” అన్నాడు కౌరాబి తాత.

“నలభై ఏళ్ళు నోరు కట్టుకున్నాను, ఇక నావల్ల కాదు. ఇదిగో పిల్లా, మీ నాన్న డిసెంబరు దాకా దిగలేదన్నాడు చూడు, అది నిజం. ఎక్కింది జెండా కర్ర కాదు, కొబ్బరిచెట్టు, అంతే. నువ్వు ఆ ఏడాది మార్చిలో పుట్టావు. మూడో రోజున మా చెల్లి పోయింది. నీకు పాలిచ్చే దిక్కు లేదు, పాలడబ్బాలు తెచ్చే ఓడ లేదు. పులవని తియ్యకల్లులో నీళ్ళు కలిపి, గుడ్డపీలిక ముంచి నీ నోట్లో పిండేదాన్ని. కల్లు కారాలంటే కొబ్బరి పూగెలని రెండు పూటలా గీయాలి. నాలుగు పూటలు మానేస్తే ఎండిపోతుంది, నీకూ తెలుసు. జెండా పండగలో మన దీవి నాట్యానికి పాట ఎత్తుకోవాల్సినవాడు మీ నాన్నే. చాప చుట్టుకుని ఓడెక్కాడు. ఎక్కి చూస్తే, మన ఊళ్ళో చెట్టెక్కగలిగిన మగవాళ్ళందరూ ఆ ఓడలోనే ఉన్నారు. కడుపునొప్పని చెప్పి దిగొచ్చేశాడు.”

అవ్వ కరావా వైపు ఇంకాస్త జరిగింది.

“చెట్టు మీద పాడకుండా గీయకూడదు కదా. ఆ ఏడాది మీ నాన్న పాట వినని పొద్దు లేదు, సందె లేదు. పన్నెండో తారీఖు పొద్దున కూడా విన్నాను. టారవాలో ఎత్తుకోవాల్సిన పాటే ఎత్తుకున్నాడు. వినడానికి కింద నేనూ, నా ఒళ్ళో నువ్వూ. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు, తన వల్లే నాన్న పోలేకపోయాడని పిల్ల బాధపడుతుందని. భయపడి దిగాడని వీళ్ళనుకుంటే పడ్డాడు. కోతలు కోస్తే పడలేదేం నీకు?”

కరావా మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. “నాన్నా” అని మాత్రం అనగలిగింది. ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

నాకు ఏడుపొచ్చింది. అయినా గుమస్తాని కదా, అన్నాను: “తాతా, అక్కడ ఉన్నవాళ్ళ పేర్లే రాయమన్నారు.”

“జులైలో గాలి ఇటునుంచి అటే కొడుతుంది. నాది పెద్ద గొంతు. అక్కడిదాకా వినపడే ఉంటుంది,” అన్నాడు కౌరాబి తాత, ఎవరి వంకా చూడకుండా. ఆయన నోట ‘వినపడే ఉంటుంది’ లాంటి ఊహ మాట నేనెప్పుడూ వినలేదు. అంతవరకూ అన్నీ జరిగిపోయినవే చెప్పాడు.

బురెంటౌ తాత గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆయన ప్రశ్న అడగలేదు.

“గాలి ఉందని ముందే చెప్పాను కదా,” అన్నాడు. “జెండా ఎక్కుతుంటే ఈ వైపు నుంచి పాట వచ్చింది. ముందు వరసలో ఉన్నాను, నేను విన్నాను. రాసుకో.”

పుస్తకంలో పేర్లున్న మిగతా ముగ్గురి వంకా చూశాను. మేమూ విన్నామన్నారు. నేను కలం మూత తీసి, ‘బి’తోనే, ఐదో పేరు రాసుకున్నాను.