ముడతల క్రీం ఎప్పటి నుంచి?

పెద్ద దుకాణం కింది అంతస్తులో క్రీములు, పౌడర్లు అమ్మే కౌంటర్. మధ్యాహ్నం రెండున్నర దాటింది. ఇవతల యాభై దాటిన ఒకావిడ. అవతల యూనిఫాంలో సేల్స్ అమ్మాయి.

"అలా కాదమ్మాయ్, నేనడిగింది వేరు. ఏది మంచిదని కాదు. ఎప్పుడు మొదలుపెట్టాలని."

"ఎప్పుడంటే... ఇవాళే మొదలుపెట్టొచ్చు మేడమ్. ఇవాళ సెట్టు తీసుకుంటే చిన్న సబ్బు ఫ్రీ—"

"అది దుకాణం మాట. మామూలు మాట చెప్పు. మనిషి ఏ వయసులో మొదలుపెడితే ఈ ముడతలు రాకుండా ఉంటాయి?"

"రాకుండా అంటే... పాతికా ముప్పై మధ్యలో మొదలుపెట్టమంటారు మేడమ్. ఎండకి రాసుకునేదైతే ఇంకా ముందునుంచే. చిన్నపిల్లలకి రాసేవి కూడా ఉన్నాయి."

"పాతికా ముప్పై మధ్యలో."

"అవును మేడమ్."

"అంటే ఇరవై ఏడు అనుకో. సరిగ్గా సమయం."

"ఇరవై ఏడైతే మరీ మంచిది. ఎవరికి మేడమ్, మీ అమ్మాయికా?"

"నాకు పిల్లల్లేరు."

"అయ్యో, సారీ మేడమ్. ఏ మేనకోడలికో అనుకున్నా—"

"నాకే."

"మీకా? మీకు అప్పుడే ఏం తొందర మేడమ్! నలభై ఉంటాయా?"

"యాభై నాలుగు. అబద్ధమాడేటప్పుడు కాస్త పొదుపుగా ఆడాలమ్మా. నలభై ఎనిమిదని ఉంటే నమ్మేదాన్ని."

"నిజంగానే మేడమ్! సరే, నన్ను చూడండి. నాకెన్ని ఉంటాయనుకుంటున్నారు?"

"నువ్వే చెప్పు."

"ముప్పై ఎనిమిది. నాలుగేళ్లుగా ఈ క్రీమే రాస్తున్నా. చెప్తే ఎవరూ నమ్మరు."

"నేనూ నమ్మను."

"చూశారా మరి!"

"నీకు ముప్పై కూడా లేవు."

"అదేంటి మేడమ్ అలా అంటారు..."

"నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. పంతొమ్మిదేళ్ల నుంచి. రోజుకి ముప్పై మంది మొహాలకి ఫ్రేములు పెట్టి చూస్తాను. చెవి వెనక నొక్కుతోందా, ముక్కు మీద నుంచి జారుతోందా, అని. ఇంత దగ్గర్నుంచి. మొహానికి ఏం పూసుకున్నా మెడ దగ్గర దొరికిపోతారు ఎవరైనా. నీ మెడ ఇరవై ఎనిమిది అంటోంది."

"మెల్లగా మేడమ్, మెల్లగా. మా సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు."

"ఎవరు, ఆ మెట్ల దగ్గర టై కట్టుకున్నాయనా?"

"అటు చూడకండి! ఇరవై ఎనిమిదే. పదేళ్లు కలిపి చెప్పమని ఆయనే నేర్పాడు. అలా చెప్తే సరుకు కదులుతుందట. ఎవరికీ చెప్పకండి మేడమ్, మీకు దణ్ణం పెడతా."

"నేనెవరికి చెప్తాను. ఎన్నాళ్లుగా ఇలా?"

"నాలుగేళ్లు. మొదట్లో ముప్పై నాలుగనేదాన్ని. ఏడాదికొకటి పెంచుకుంటూ వచ్చా. ఎప్పుడూ వచ్చే ఒకావిడ మొన్న నా చెయ్యి పట్టుకుని, 'నలభై దగ్గర పడుతున్నాయి, నీకింకా ఓ తోడు దొరకలేదా తల్లీ' అని కళ్లనీళ్లు పెట్టుకుంది."

"నవ్వకూడదు గానీ—"

"నవ్వండి మేడమ్. ఇక్కడున్నంత సేపూ నాకూ నవ్వే వచ్చింది. రూముకెళ్లాక రాలేదు."

"ఒక్కదానివే ఉంటావా?"

"ఇంకో అమ్మాయి ఉంది. తనది రాత్రి డ్యూటీ. నేను వెళ్లేసరికి తనుండదు, తనొచ్చేసరికి నేనుండను. మంచం మీద దుప్పటి మడత మారిందంటే మనిషి వచ్చి వెళ్లిందని అర్థం."

"సెలవు రోజున?"

"సెలవు రోజున ఈ రంగులన్నీ కడిగేసుకుని పడుకుంటా. సాయంత్రం కిందికి దిగి, ఉల్లిపాయలమ్మే వాడితో 'అరకిలో' అంటానా, నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. పొద్దుట్నుంచీ మాట్లాడింది ఆ ఒక్క ముక్కే కదా."

"నాకూ అంతే. అందుకే సెలవు రోజున కూడా షాపు తెరుస్తానంటాను. మా ఓనరు నాకు పని పిచ్చి అనుకుంటాడు."

"మీ షాపులో కాస్త మాటలైనా ఉంటాయిగా మేడమ్."

"ఆ, మాటలకేం కొదవ. చత్వారం వచ్చిందంటే ఒక్కరూ ఒప్పుకోరు. 'కళ్లు బానే ఉన్నాయండీ, పేపరువాళ్లే అక్షరాలు చిన్నవి చేశారు' అంటారు. అవునండీ, వాళ్లంత దుర్మార్గులు లేరు అంటాను. మెల్లగా అద్దాలు పెట్టి అద్దం ముందు నిలబెడతాను. అక్షరాల కన్నా ముందు వాళ్ల మొహం వాళ్లకి కనిపిస్తుంది. ఇక పేపరువాళ్ల మాట ఎత్తరు."

"మీరు భలే చెప్తారు మేడమ్... వస్తున్నా సార్! మేడమ్‌కి సెట్టు చూపిస్తున్నా! పిలుస్తున్నాడు, మీరేదో ఒకటి చేతిలో పట్టుకోండి. ఆ, అదే. స్టూలు మీద కూర్చోండి. కొంచెం రాసి చూపిస్తా, చెయ్యి ఇవ్వండి."

"చేతికెందుకు? మొహానికే రాయి."

"కొత్తది ఏదైనా ముందు చెవి వెనక రాసి ఓ రోజు చూసుకోవాలి మేడమ్, కొందరికి మంట పుడుతుంది. మీ చర్మానికి ఎప్పుడైనా ఏదైనా పడలేదా?"

"ఏం రాశానని, పడకపోవడానికి? సబ్బు, నీళ్లు. అంతే."

"అయితే ఇది రాస్తా. గాఢమైంది కాదు, ఉత్త తేమ కోసం. అద్దాలు తియ్యండి. ఇటివ్వండి, ఇక్కడ పెడతా."

"ఊఁ."

"నుదురు బాగుంది మేడమ్ మీది. ఇవిగో, కళ్ల పక్కన ఇవి నవ్వితే పడేవి. మీరు బాగా నవ్వే మనిషేమో."

"ఒకప్పుడు."

"ఇక్కడ కనుబొమల మధ్య... అయ్యో మేడమ్, మండుతోందా? కంట్లో పడిందా?"

"లేదు."

"నీళ్లొస్తున్నాయి, ఉండండి, తుడిచేస్తా—"

"లేదమ్మాయ్, రాయి. ఆపకు. ఊళ్లోవాళ్ల మొహాలన్నీ రోజూ నేను పట్టుకుంటాను. నా మొహం ఇంకొకరు పట్టుకుని చాలా కాలమైంది. అంతే. మంట కాదు."

"సరే మేడమ్. నెమ్మదిగా రాస్తా. కళ్లు మూసుకోండి."

"నీ చెయ్యి చల్లగా ఉంది."

"పొద్దుట్నుంచీ ఏసీ కింద నిలబడి నిలబడి. ఇంట్లో ఎవరుంటారు మేడమ్?"

"మా ఆయన."

"ఆయనేమైనా అన్నారా? ముడతలొచ్చాయనీ, అదనీ ఇదనీ..."

"ఆయనేమీ అనరు."

"అనకపోతే మంచిదేగా."

"మంచిదే."

"అసలు పట్టించుకోరా? సారీ మేడమ్, నా నోరు ఊరుకోదు."

"చూస్తూనే ఉంటారు. వంటింట్లోంచి హాల్లోకొస్తే చూస్తారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే చూస్తారు. వచ్చేసరికి అలాగే చూస్తూ ఉంటారు."

"అయితే అదృష్టవంతులు! ఇన్నేళ్ల కాపురం తర్వాత పెళ్లాం మొహం చూసే మగాళ్లు ఎంతమంది? మరింక ఈ క్రీములెందుకండీ మీకు?"

"నువ్వు అమ్మేదానివా, వద్దనేదానివా?"

"రెండూ. ఇంతకీ ఆయనకి ఎన్నేళ్లు మేడమ్?"

"ముప్పై ఒకటి."

"పెళ్లయ్యా? ముప్పై ఒకటా?"

"కాదు. ఆయన వయసు. ముప్పై ఒకటి."

"ఓ."

"రాయడం ఆపేశావే."

"లేదు లేదు, రాస్తున్నా. ముప్పై ఒకటి... అంటే మీకన్నా..."

"ఇరవై మూడేళ్లు చిన్న, ఇప్పటికి."

"నేనేమీ అనుకోవట్లేదు మేడమ్. ఒట్టు. ఎవరిష్టం వాళ్లది. అయితే... బయటివాళ్లు ఏమైనా అన్నారా?"

"ఊఁ."

"పక్కింటివాళ్లా? లోకం నోటికి తాళం వెయ్యలేం మేడమ్."

"అది తర్వాత. ముందు ఇది చెప్పు. ఈ సెట్టు రాస్తే పదేళ్లు తగ్గుతానా? నువ్వు కలిపిన పదేళ్లలాంటివి కాదు. నిజం పదేళ్లు."

"ఇందులో మూడు సీసాలుంటాయి మేడమ్. పొద్దున ఒకటి, పడుకునే ముందు ఒకటి, వారానికి రెండుసార్లు ఇది—"

"అమ్మాయ్."

"ఏంటి మేడమ్."

"నా మొహం నీ చేతుల్లో ఉంది. ఇప్పుడు కూడా అబద్ధమాడతావా?"

"ఆడను. తగ్గరు మేడమ్. చర్మం మెత్తబడుతుంది. సన్నగీతలు కొంచెం పోయినట్టు కనిపిస్తాయి, దానికీ నెలలు పడుతుంది. ఎండకి రాసుకునేది రోజూ రాసుకుంటే ఉన్నది ఇంకా పాడవకుండా ఉంటుంది. మనిషిని వెనక్కి తీసుకెళ్లేది ఈ కౌంటర్లో లేదు. పై అంతస్తులోనూ లేదు."

"పై అంతస్తులో ఏముంటాయి?"

"కుక్కర్లు, పరుపులు. నేనిప్పుడన్న మాట ఆ టై కట్టుకున్నాయన విన్నాడంటే రేపట్నుంచి నేనూ అక్కడే."

"ఇరవై ఏడులో మొదలుపెట్టి ఉంటే?"

"అప్పుడైనా యాభై నాలుగు యాభై నాలుగే కదా మేడమ్. మహా అయితే నాలుగైదేళ్లు తక్కువనుకుంటారు."

"ముప్పై ఒకటి అనుకోరు."

"అనుకోరు. మేడమ్, కోప్పడనంటే ఒక మాట. ఆయనకి సరిజోడుగా కనిపించాలని మీరింత తిప్పలు పడుతున్నారు. ఆయన మీకోసం ఏం చేస్తున్నాడు? వయసులో ఉన్నవాడు. రేపొద్దున వదిలేసి పోతే—"

"పోయారు."

"ఎక్కడికి? చూస్తూనే ఉంటారన్నారుగా!"

"హాల్లో గోడ మీద నుంచి. ఫోటోలో."

"అయ్యో... అయ్యో మేడమ్. ఎప్పుడు?"

"ఇరవై ఏడేళ్లయింది. కదులుతున్న బస్సు దిగబోయి పడ్డారు. నాకప్పుడు ఇరవై ఏడు, ఆయన నాలుగేళ్లు పెద్ద. నాకు ముప్పై రెండు వచ్చిన రోజున అన్నం ముద్ద దిగలేదు. ఆయన్ని దాటేశానని. ఇక అప్పట్నుంచీ ఏడాదికొక అడుగు దూరం జరుగుతూనే ఉన్నాను. ఆయన అక్కడే ఉన్నారు."

"నన్ను క్షమించండి. ఏదేదో అనుకున్నాను."

"అనుకోలేదని ఒట్టేశావుగా."

"ఇప్పుడు నవ్వించకండి మేడమ్, నా కాటుక కారిపోతుంది. మరి ఇన్నేళ్లూ లేనిది ఇవాళ... ఏం జరిగింది?"

"ఇంటికి రంగులేయిస్తున్నాను. రంగులేసే అతను పొద్దున దండ తీసి ఫోటో దించాడు. దుమ్ము పట్టి ఉందని తన చొక్కా అంచుతో తుడిచాడు, నెమ్మదిగా. నాకు చూపించి, 'ఎంత చిన్న వయసులో పోయాడమ్మా! మీ అబ్బాయా?' అన్నాడు. అతనికే కళ్లు తడిశాయి."

"అయ్యో. కాదు, మా ఆయన అని చెప్పారా?"

"చెబుదామనే నోరు తెరిచాను. అతని చేతుల్లోంచి ఆయన నావైపే చూస్తున్నారు. 'అవునయ్యా, మా అబ్బాయే' అన్నాను."