బంగారు రేకు ఇంజను

ఫిచిత్ బైపాసు పక్కన తవిన్ మెకానిక్ షెడ్డు. బానెట్ లేపిన పాత నల్ల కారు దగ్గర తవిన్, కారు యజమాని బున్లూ, ఆయన భార్య ప్రనోమ్.

“పోయిందంటే ఏంటి తవిన్? మనిషి పోయినట్టు చెప్తావేంటి?”

“మనిషి పోయినట్టే బున్లూ అన్నా. రేడియేటర్లో చుక్క నీళ్ళు లేవు. ఇలాగే ఎంత దూరం నడిపారు?”

“ఎంతో కాదు. బుద్ధుడి విహారం దగ్గర్నుంచి తాఫాన్ హిన్ సంత దాకా.”

“ముప్పై కిలోమీటర్లు! వేడి ముల్లు ఎర్రగీత దాటి ఉంటుంది కదన్నా. చూళ్ళేదా?”

“ముల్లా? ఏ ముల్లు?”

“స్టీరింగు వెనకాల. కుడిపక్క.”

“అక్కడ వినాయకుడున్నాడు.”

“ముల్లు ముందా?”

“మరెక్కడ పెట్టను? ఎడమపక్క చెయ్యూపి గిరాకీని పిలిచే తల్లి బొమ్మ ఉంది. మధ్యలో విహారం పెద్ద గురువుగారి ఫొటో. దండలు. ఇంక జాగా ఏది?”

“సరే, ముల్లు కనపళ్ళేదు. ఎర్ర దీపమైనా వెలగాలే?”

“వెలిగింది! అదే చెప్పబోతున్నా. వినాయకుడి తల వెనకాల ఎర్రగా కాంతి. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు తవిన్. ఒళ్ళు గగుర్పొడిచింది.”

“అప్పుడు ఆపారా?”

“దండం పెట్టారు. స్టీరింగు వదిలేసి, రెండు చేతులతో. నేను పక్క సీట్లోనే ఉన్నా తవిన్.”

“నువ్వుండవే ప్రనోమ్. దేవుడు కనపడితే దండం పెట్టక బ్రేకు వేస్తారా?”

“పొగొస్తోందండీ అంటే, అగరొత్తుల పొగ అన్నారు.”

“కొంచెం వాసన అలాగే ఉంది మరి.”

“అన్నా, వదినా, పోట్లాట తర్వాత. ముందు ఏం చేయాలో చెప్పండి. రెండే దార్లున్నాయి. ఒకటి, ఇదే ఇంజను విప్పి బాగుచేయడం. హెడ్డు వంకరపోయింది. పిస్టన్లు గోడలకి అతుక్కుపోయాయి. బ్లాకు పగిలినట్టుంది. బ్యాంకాక్ పంపి అతికించి, బోరు చేయించి, మళ్ళీ బిగిస్తే నడవొచ్చు. నడవకపోనూ వచ్చు. రెండోది, జపాన్ కార్లలోంచి కోసుకొచ్చిన ఇంజన్లు పాత సామాన్ల బజార్లో వరసగా పడున్నాయి. ఒకటి తెచ్చి పెట్టేస్తా. మూడ్రోజుల పని, ఖర్చూ తక్కువ.”

“రెండోదే.”

“మొదటిదే తవిన్. దాని మాట వినకు.”

“బండి ఎవరి పేరు మీదుందండీ?”

“పేరు నీది. మహిమ ఎవరిది? తవిన్, నువ్వు ఆరోజు లేవు, నీకు తెలీదు. బండి కొన్నరోజు పెద్ద గురువుగారు తన చేత్తో ఈ ఇంజను మీద మంత్రజలం చల్లారు. చల్లి, బంగారు రేకంటించారు. కారు పైకప్పుకి తెల్లబొట్లు అందరికీ పెడతారు. ఇంజనుకి రేకంటించింది నా ఒక్కడికే. ఇదిగో, ఎడమపక్క, ఇక్కడే ఉండాలి... ఏదీ?”

“జిడ్డన్నా. కనపడదు.”

“తుడువు.”

“తుడిస్తే రేకు ఊడొస్తుందేమో.”

“అవునవును, తుడవకు. అలాగే ఉండనీ. అలాంటి ఇంజను తీసి తూకానికెయ్యమంటుంది చూడు, దీనికసలు పాపభయం లేదు.”

“నాకున్నది సోమవారం భయం. తెల్లారకట్ల నాలుగింటికి పంది మాంసం పుల్లలు, జిగురన్నం బుట్ట డిక్కీలో వేసుకుని ఆస్పత్రి గేటు దగ్గరికి పోవాలి. నాలుగురోజుల్నుంచి పోలేదు. నా జాగాలో అప్పుడే ఎవత్తో అరటిపళ్ళు వేయిస్తోందట. సోమవారం కూడా పోకపోతే ఇంక ఆ జాగా నాది కాదు. పదిహేనేళ్ళ జాగా!”

“జాగా, జాగా! ఆదివారం భిక్షువులకిచ్చే చీవరాల ఊరేగింపుంది, అది పట్టదు నీకు. ముందు నడవాల్సింది నా కారు. విహారం కమిటీ పెద్దని నేను. ‘ఇరవై రెండేళ్ళుగా ఇంజను విప్పని కారు’ అని మైకులో చెప్పించాను కూడా.”

“ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.”

“అన్నా, ఒక మాటడగనా? కారు నల్లది కదా, వెనకద్దం మీద ‘ఈ కారు తెల్లది’ అని కాగితం అంటించారెందుకు?”

“జోస్యుడు నా జాతకానికి తెలుపు కావాలన్నాడు. రంగెయ్యాలంటే ఖర్చు. కాగితం పది భాట్లు.”

“చూశావా తవిన్? గ్రహాల్ని కూడా పది భాట్లతో ఏమారుద్దామనుకున్నారు.”

“అందరూ అంటిస్తారే! ఊళ్ళో సగం కార్లకుంది. తవిన్, నా మాట విను. ఎనిమిదేళ్ళ కింద ఈ బండి పొగలు కక్కేది, గుర్తుందా? ఎత్తు ఎక్కలేకపోయేది. నేను వానాకాలం మూడు నెలలూ గుండు చేయించుకుని, భిక్షువునై విహారంలో ఉన్నా. చీవరం విప్పి ఇంటికొచ్చి తాళం తిప్పితే, ఒక్క తిప్పుకి! పులిలా లేచింది. పొగ లేదు, దగ్గు లేదు. ఎవరు బాగుచేశారు చెప్పు?”

“ఇక్కడ స్పానరుండాలే... ఎటుపోయింది?”

“చెప్పవోయ్!”

“నేనేం చెప్తానన్నా. పుణ్యం.”

“పుణ్యం! ఆ పుణ్యం పోసిన ఇంజనుని కోసి పారేసి, జపాన్‌లో ఎవడు తాగి గుద్దాడో వాడి ఇంజను పెడతావా? దాని కర్మ మనకంటుకోదూ?”

“వదినా, నేనేం చేయను?”

“ఖర్చెంతో సరిగ్గా చెప్పు తవిన్. బాగుచేయడానికి. పూర్తిగా. ఏదీ మర్చిపోకుండా.”

“ఓ అరవై వేలవుతుంది...”

“పగులు లెక్కేసుకున్నావా?”

“ఆ... లేదు వదినా. పగులుంది కదా. తొంభై.”

“తొంభై చాలుతుందా? బ్యాంకాక్ లారీ కిరాయి?”

“లక్ష. లక్ష అవుతుందన్నా. వేరే ఇంజనైతే ముప్పై.”

“చూశారా? లక్ష. మన దగ్గరుందా లక్ష?”

“పింఛను డబ్బు...”

“పింఛను డబ్బు విహారం కప్పు మీదుంది. నలభై పెంకుల మీద మన పేర్లు రాయించారు. బల్లులు చదువుకుంటున్నాయి.”

“సరే. లక్షే కదా. తవిన్, నీ ఫోనొకసారి ఇయ్యి.”

“ఎవరికన్నా?”

“సనాన్ గారికి. బిళ్ళల సనాన్. సంతలో భూతద్దం పెట్టుకుని పాత రక్షబిళ్ళలు కొంటాడే, ఆయనకి.”

“ఆయనెందుకండీ ఇప్పుడు?”

“అద్దానికి వేలాడుతోందే, పెద్ద గురువుగారి మట్టి బుద్ధుడి బిళ్ళ. ఆయన తన చేత్తో వత్తి కాల్చింది. ఇప్పుడాయన లేరు, ఇంకోటి పుట్టదు. లక్షకి తక్కువ రాదు. అదిచ్చేస్తా.”

“అయ్యో, వద్దండీ!”

“వద్దా?”

“వద్దు. అమ్మకండి. పాపం తగుల్తుంది.”

“నువ్వేనా? పాపమంటున్నది నువ్వేనా ప్రనోమ్? ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి ఏ బిళ్ళకైనా దండం పెట్టావా? చూడు తవిన్, నాకు కళ్ళెంట నీళ్ళొస్తున్నాయి. ఇన్నాళ్ళకి దీనికి భక్తి పుట్టింది.”

“అన్నా, వదిన చెప్పింది నిజమే. బిళ్ళ జోలికి పోవద్దు. అలాంటివి అమ్మితే... ఏదో అవుతుందంటారు.”

“గురువుగారు ముట్టుకున్న ఇంజను కోసం గురువుగారి బిళ్ళ ఇస్తున్నా. ఆయన కుడిచేతిది తీసి ఎడమచేతికి. ఇందులో తప్పేముంది? మెడలో ఇంకా ఎనిమిదున్నాయి. హలో? సనాన్ గారా? నేనండీ, బున్లూని. నీటిపారుదల ఆఫీసు బున్లూ. ఆ, ఆ. మీరోసారి తవిన్ షెడ్డుకి రావాలి. బిళ్ళొకటుంది... పెద్ద గురువుగారిది. అవునండీ, మట్టిది... ఏంటీ? కాదండీ, ఒకటే. ఎప్పుడూ ఒకటే. రండి రండి. అద్దం తెచ్చుకోండి.”

“ఏమన్నాడండీ?”

“నవ్వుతాడేంటి? ‘మీ దగ్గర రెండోది కూడా ఉందా’ అంటాడు. వయసైపోయింది పాపం. పావుగంటలో వస్తానన్నాడు.”

“తవిన్, కాసిన్ని మంచినీళ్ళు.”

“నాక్కూడా కావాలి వదినా.”

“ఏమైందిరా మీ ఇద్దరికీ? చెమటలు కక్కుతున్నారు.”

“ఏమండీ, ఒక పని చేద్దాం. ఇంజను మీరన్నట్టే మహిమగలది. తీసి ఇంట్లో పీట మీద పెట్టుకుందాం. దండలేద్దాం. కార్లో వేరేది పెట్టిద్దాం. కాగితాల్లో ఇంజను నంబరు మార్పించడానికి రవాణా ఆఫీసుకి నేను పోతాను, మూడో గదిలో ఒక్క పూట పని.”

“మూడో గదని నీకెలా తెలుసు?”

“...బండి నా పేరు మీదుంది కదా.”

“బిళ్ళ అమ్మొద్దంటావు, ఇంజను బాగుచేయించొద్దంటావు. నీకేం కావాలసలు?”

“సోమవారం నాలుగింటికి డిక్కీ కావాలి. అంతకంటే ఏం అడగలేదు. ఎప్పుడూ అడగలేదు.”

“ఇందాక నంబరన్నావు, గుర్తొచ్చింది. ఈ ఇంజను నంబరు సనాన్ గారికి చూపించాలి. బిళ్ళా, ఇంజనూ ఒకే రోజు పూజ చేసిన జోడీ అంటే ధర పెరుగుతుంది. తవిన్, టార్చియ్యి.”

“చీకటిగా ఉందన్నా లోపల. తర్వాత చూద్దాం.”

“చీకటుంటేనే కదా టార్చి. నాకు నంబరు నోటికొచ్చు. ఇరవై రెండేళ్ళుగా నెలకి రెండుసార్లు చివరి మూడంకెల మీద లాటరీ కొంటున్నా. ఆరు, మూడు, తొమ్మిది.”

“ఒక్కసారైనా తగిలిందా అన్నా?”

“తగుల్తుంది. టైముంటుంది దేనికైనా. ఏదీ... ఇదిగో. నాలుగు... ఏడు... ఒకటి. ఇదేంటి? నాలుగు ఏడు ఒకటేంటి తవిన్?”

“వేడికన్నా.”

“వేడికి ఇనుం మీద చెక్కిన అంకెలు మారతాయా?”

“బాగా వేడైతే...”

“తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నాట్ట. నా మొహం చూసి చెప్పు. ఈ ఇంజనెవరిది?”

“చాలు తవిన్. నేను చెప్తాను. ఏమండీ, కూర్చోండి. ఆ టైరు మీద కూర్చోండి.”

“నుంచునే వింటా.”

“ఆ ఏడు మీరు గుండు చేయించుకుని విహారంలోకెళ్ళారా, పదోరోజున ఆస్పత్రి గేటు దగ్గర బండి ఆగిపోయింది. డిక్కీలో అన్నం ఉడుకుతున్నట్టే ఉంది, ఇంజను మాత్రం చల్లబడిపోయింది. తవిన్ తోసుకొచ్చాడు. బాగుచేయడం కుదరదన్నాడు. బజార్నుంచి ఇది తెచ్చి బిగించాడు. ఎవడు తాగి గుద్దాడో తెలీదు కానీ, ఎనిమిదేళ్ళు మనిద్దరికీ అన్నం పెట్టింది.”

“రేకంటించిన ఇంజను?”

“తూకానికి పోయిందన్నా. రేకు మటుకు తీసి దాచానన్నా, ఎక్కడో పెట్టాను.”

“నేను... ప్రతి పున్నమికీ బానెట్ లేపి దీనికి దండ వేశాను.”

“చూశాను. మీ సంతోషం మీదని ఊరుకున్నాను.”

“నాకొక్క మాట చెప్పొచ్చుగా!”

“ఎలా చెప్పను? చీవరంలో ఉన్న మనిషికి ఇంటి గొడవలు చెవిన వెయ్యొద్దని మీరే అన్నారు. పొద్దున్నే భిక్షకొచ్చేవారు. నేను గిన్నెలో అన్నం పెట్టేదాన్ని. నా మొహం వైపు చూసేవారే కాదు. ఆ అన్నం ఎలా వచ్చిందో మీకెందుకు? నాకు ఏడుపొచ్చేది. బయటికొచ్చాక చెబుదామనుకున్నా. మీరు తాళం తిప్పి, ‘నా పుణ్యం’ అని ఊరంతా చెప్పుకున్నారు. ఇంక ఏ నోటితో చెప్పను?”

“అవునూ... అప్పుడు నీ దగ్గర డబ్బెక్కడిది?”

“అన్నా, అదిగో, సనాన్ గారి స్కూటరు వస్తోంది.”

“రానీ. ముందు ఈ బేరం అవనీ, ఏ ఇంజనుకైనా డబ్బు కావాలిగా. ఇంజను పోతే పోయింది, మోసం చేసింది. బిళ్ళ నన్ను మోసం చెయ్యలేదు. ప్రనోమ్, అద్దానికున్నది విప్పివ్వు.”

“ఆయనకది చూపించకండి.”

“ఎందుకు?”

“మీ పరువు పోతుంది. పెద్ద గురువుగారి బిళ్ళ ఆయన చూసేశాడు. ఎనిమిదేళ్ళ కిందట కొన్నది ఆయనే.”

“మరి... అద్దానికి వేలాడేది?”

“బస్టాండు ముందు ఇరవై భాట్లు. గొలుసు విడిగా.”

“అయితే నా బిళ్ళ... గురువుగారి బిళ్ళ... ఏం చేశావే?”

“మీరు ఊరంతా చెప్పుకున్నది అబద్ధం కాదండీ. ఇన్నేళ్ళూ ఈ కారు నడిచింది ఆ బిళ్ళ వల్లే. కాకపోతే అది అద్దానికి వేలాడలేదు, బానెట్ కిందుంది. మొన్న నీళ్ళు పొయ్యకుండా మీరు మాడ్చేసింది దాన్నే.”