ఓడ మీది నంబరు

రష్యా ఉత్తరపు కొసన ఉన్న నౌకాదళ రేవు సెవెరోమోర్స్క్‌లోని ఆ ఇంట్లో వంటగది బల్లంతా మీటరు పొడుగు యుద్ధనౌక నమూనాదే. టీ గ్లాసుకి అక్కడ చోటు లేక కిటికీ గట్టున పెట్టబోతూ, ఒకప్పుడు ఆ ఓడ మీదే పనిచేసిన మొగుడి చేతిలో ఆమె ఉప్పుకాగితం చూసింది.

“మళ్ళీ గీకుతున్నావా? నిన్ననేగా ఓడ అయిపోయిందన్నావు!”

“నంబరు తప్పే. ఈ రాడారు పెట్టిన ఏడు మా ఓడకి ఈ నంబరు లేదు. శత్రువుకి లెక్క దొరక్కూడదని మాటిమాటికీ మార్చేసేవాళ్ళుగా.”

“అయితే రాడారు పీకెయ్.”

“అది పీకితే దాన్ని మోసే స్తంభం కూడా మార్చాలి.”

“ఓడ అవగానే దక్షిణాదికి, మా చెల్లెలి ఊరికి వెళ్ళిపోదామన్నావు. వెళ్ళిపోతాం కదా అని ఈ ఏడు చలికాలానికి క్యాబేజీ కూడా ఊరబెట్టలేదు నేను.”

“వెళ్దామే. ఈ ఒక్క నంబరూ తేలితే...”

“నే చెప్తా, వేసుకో. మూడొందల ఇరవై ఏడు. కొత్తపెళ్ళాన్ని రేవుకి తీసుకెళ్ళి చూపించావే, ఆ రోజున్న నంబరు. ‘రెండు చలికాలాలు ఓర్చుకో, వెళ్ళిపోదాం’ అన్నది కూడా అక్కడే.”

ఆయన ముసిముసిగా నవ్వి ఆ అంకెలే వేశాడు. చక్కగా కుదిరాయి. ఆమె అటక మీది ప్రయాణం పెట్టె దించడానికి స్టూలెక్కింది.

“ముసలిదానా!”

“ఏంటి?”

“ఆ రోజుకి మా ఓడకి ఈ హెలికాప్టరు దిగే చోటు లేదే.”

ఉప్పుకాగితం చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆమె చేతులు పెట్టెని వదిలి పక్కకి జరిగాయి.

“సరే. గీకడం అయ్యాక క్యాబేజీ తరుగు. జాడీలు దించుతున్నా.”