పద్నాలుగు అంగుళాల చిమ్నీ

అధ్యక్షస్థానంలో ఉన్న విశ్వేశ్వరరావు గారికి, ముందు వరుస డాక్టర్లకి, ఇంజినీర్లకి, కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకి నమస్కారం. వెనక వాళ్ళకి రెండుసార్లు నమస్కారం, ఎందుకంటే ఈ సన్మానం తలపెట్టింది వాళ్ళే. (చప్పట్లు)

ఇరవై ఆరేళ్ళపాటు ఈ పరాయి దేశపు రోడ్ల మీద, నా సొంత ట్రక్కుతో, మామూలు లారీల్లో పట్టని సరుకు మోశాను. చమురు ట్యాంకులు, వంతెన దూలాలు, సగానికి కోసిన ఇళ్ళు. దారి ఖాళీ చేయించడానికి ముందొక పైలట్ కారు, వెనకొక పైలట్ కారు, మధ్యలో నేను. పెళ్ళికొడుకుకి కూడా అంత మర్యాద జరగదు. (నవ్వులు) మంచు తగ్గేదాకా, పర్మిట్ వచ్చేదాకా రోడ్డు పక్కన ఆగిపోయిన రోజుల్లో మన ఎడ్మంటన్ ఊరి లైబ్రరీలోని చరిత్ర అరలన్నీ ట్రక్కులో కూర్చునే చదివేశాను. అయినా ఈ తెలుగు సంఘంలో నా పేరు డ్రైవర్ అంజయ్యే. డాక్టరు గారూ అని పిలిచినట్టుగా ఆ మాట పలకరు మీరు. ఆ తేడా నాకు తెలుస్తుంది.

ఈ వేదిక వెనకున్న వంటగది నాలుగేళ్ళ కిందట ఫ్యాక్టరీలో తయారై, ఒకే పెట్టెలా నా ట్రెయిలర్ మీద వచ్చింది. దాన్ని ట్రెయిలర్ మీదికి ఎక్కించేనాటికి ఈ హాలు ప్రారంభోత్సవానికి ఇంకా మూడు రోజులున్నాయి. ట్రెయిలర్‌తో కలిపి ఎత్తు పదిహేను అడుగుల పది అంగుళాలని విశ్వేశ్వరరావు గారు డ్రాయింగ్ ఇచ్చారు. దాన్నిబట్టే పర్మిట్ తీసుకున్నాను. కానీ కొలత గడ పెట్టి స్వయంగా చూసుకోకుండా నేను బండి కదపను. పెట్టి చూశాను. పదిహేడు అడుగులు! దారిలో పదహారడుగుల నాలుగంగుళాల వంతెన ఉంది.

ఫోన్ చేస్తే ఆయనేమన్నారో ఆయనకి గుర్తుందో లేదో, నాకు మాత్రం అక్షరం పోకుండా గుర్తుంది. "అంజయ్యా, నడపడం నీ పని. కొలతలు మా పని. ముహూర్తం దాటిపోతుంది, బయల్దేరు." నేను బయల్దేరలేదు. వేరే దారికి కొత్త పర్మిట్ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ప్రారంభోత్సవం నాడు వంటగది లేక మీరందరూ బయటినుంచి తెప్పించిన, చల్లారిపోయిన బిర్యానీ తిన్నారు, దానికి నన్ను తిట్టుకున్నారు. "ఒక డ్రైవర్ మొండితనం వల్ల" అని ఈ మైకులోనే చెప్పారు. తర్వాత నాలుగేళ్ళు ఒక్క ఆహ్వానం కూడా రాలేదు.

మంచినీళ్ళు ఇవ్వమ్మా. ఈ దాహం కోపం వల్ల కాదు, షుగర్ వల్ల. (నవ్వులు)

ఈలోగా మన దేశంనుంచి ఈ పిల్లలు చదువులకని వందల్లో దిగారు. ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురు, పొద్దున కాలేజీ, సాయంత్రం గిడ్డంగిలో పార్ట్‌టైం. ఆదివారం ఇక్కడ భోజనానికి వస్తే, "వీళ్ళ వల్ల మన పరువు పోతోంది" అన్నారు కొందరు పెద్దలు. పేర్లు చెప్పను. ముందు వరుసలో ఇద్దరు ఇప్పుడే నేల చూపులు చూస్తున్నారు. (నవ్వులు)

వాళ్ళలో రిషిత అనే అమ్మాయి కాలేజీ ప్రాజెక్ట్ కోసమని భారీ సరుకుల గురించి అడగడానికి మా ఇంటికొచ్చింది. ఈ కథ చెప్పాను. "అంకుల్, పద్నాలుగు అంగుళాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అంది. నాలుగేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అంతటితో ఆగక ఫ్యాక్టరీకి రాసి, పాత ఫైల్ తెప్పించింది. అందులో ఒక కాగితం ఉంది: మిరపకాయల తాలింపు ఘాటు హాల్లోకి రాకుండా పైన పద్నాలుగు అంగుళాల చిమ్నీ పెట్టాలని. అడిగింది ఇక్కడ వంట చూసుకునే మన కాంతం గారు, అది న్యాయమే. సంతకం విశ్వేశ్వరరావు గారిది. తేదీ, డ్రాయింగ్ గీసిన పన్నెండు రోజుల తర్వాత. కొత్త చిమ్నీ కట్టించుకుని, పాత డ్రాయింగ్ నాకిచ్చారు!

అయ్యా, ఈ శాలువా నాకొద్దు. ఒక్క జవాబు చాలు. పదిహేనడుగుల పదంగుళాలా, పదిహేడా?

(అధ్యక్షులు: "పదిహేడే, అంజయ్య గారూ.")

మైకులో చెప్పండి సార్. వెనక గోడదాకా వినపడాలి.

(అధ్యక్షులు మైకు అందుకుని: "పదిహేడు అడుగులు. పొరపాటు నాది. ఆ రోజు ఆయన బండి కదిపి ఉంటే ఆ వంతెన కింద ఏమయ్యేదో తలచుకుంటేనే భయంగా ఉంది." చప్పట్లు చాలాసేపు)

ఇప్పుడివ్వండి, కప్పుకుంటాను. (నవ్వులు)

రిషితమ్మా, ఇలా రా. వచ్చే నెలనుంచి ఈ అమ్మాయి ఒక భారీ రవాణా కంపెనీలో పర్మిట్లు చూడబోతోంది. నా కొలత గడ ఇక నీది, తల్లీ. ఎంత పెద్దాయన కాగితం ఇచ్చినా సరే, ముందు ఇది పెట్టి చూడు.

ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. వెనక వంటగదిలో కాంతం గారు పావుగంటనుంచి తాలింపు వేస్తున్నారు, ఈ హాల్లో ఒక్కరూ దగ్గలేదు, గమనించారా? పదండి, ఈసారి అన్నం వేడిగా ఉంది. సెలవు.