భావనారాయణ ఆటోమేటిక్

ఏంది బిడ్డా, మల్ల చెప్పు. ప్లాస్టిక్ ఫ్యాక్టరీల మిషిన్ దానంతటదే సర్దుకునేటట్టు చేసుడా నీ నౌకరీ? గదైతే మా నాంపల్లిల డెబ్బై రెండులనే ఒకాయన చేసిండు. నవ్వకు. భావనారాయణ అని, తెనాలి దిక్కు నుంచి వచ్చి మా కుర్చీల దుకాణం పక్క రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నడు. కుర్చీలు అల్లే ప్లాస్టిక్ వైరు తీస్తుండె. గింజలు పోస్తే లోపల కరిగి మురుకులు ఒత్తినట్టు వస్తది, నీళ్ల తొట్టిల సల్లారినంక ఒక చక్రం గుంజుతది. జోరుగ గుంజితే సన్నం, మెల్లగ గుంజితే లావు. మనిషి గాడనే నిలవడి జోరు సర్దే మర తిప్పుకుంట ఉండాలె. ఆపినవా, లోపల మాడి గడ్డ కడ్తది. ఆయన బేగం బజార్ల అమ్ముకుంట తిరిగితే ఇంటామె జానకమ్మ తిప్పేది.

ఆమెకు గుండె జబ్బొచ్చి గన్‌ఫౌండ్రీ అవతల దవాఖానల పడ్డది. చూడనిచ్చేది సాయంత్రం జరసేపే. కరెంటు కోతలాయె, మాకు ఇచ్చేదీ గప్పుడే. నేను చూస్త, నువ్వు పో అంటే, "మీ పని చెడుతుందండీ" అంటడు. గంత మొహమాటం. ఇగ ఒక చిన్న చక్రం చేసి వైరు మీద కూసోవెట్టిండు. వైరు లావైతే అది లేస్తది, మోటరు జోరుగ గుంజుతది. మొదట్ల మస్తు తొందర దానికి. తొట్టి దాటినంక గద దానికి తెలిసేది, గప్పటికే ఎంతో వైరు వచ్చేసి ఉంటది. ఫికర్ పడి ఎక్కువ గుంజేది, మల్ల తక్కువ. "దీనికి ఓపిక నేర్పాలండీ" అనేటోడు. నేర్పిండు గూడ. అంగీ మార్చుకుని పోయిండు. "మిషన్ దగ్గర ఎవరున్నారు?" అన్నదంట జానకమ్మ. "అదే చూసుకుంటుందే." "చాల్లెండి, మాడిపోద్ది, వెళ్ళండి." అయినా కూసున్నడంట.

గీడేమో బజార్ల లైట్లు వెలిగినయ్, ఓల్టేజ్ పడ్డది, గా చిన్న చక్రం ఎగురుడు షురూ. కబురు పంపొచ్చు. పంపలే. షెడ్డులకు పోయి, దానికి మోటరుకు నడుమ ఉన్న కరెంటు తీగె పీకి, మర నేనే తిప్పిన. నాకేం వస్తది? ఎలకను మింగిన పాము లెక్క వచ్చింది వైరు. ఆయన అడుగుల సప్పుడికి తీగె మల్ల తగిలిచ్చిన. వచ్చి వైరు చుట్టను ఏళ్లతోని తడిమిండు. మసి పట్టిన నా చేతుల దిక్కు జూసిండు. "ఆటోమేటిక్ బాగానే పనిచేసిందండీ వెంకటేశం గారూ" అన్నడు. ఔ, మంచిగ చేసింది అన్న. తెల్లారి పోతే మిషిన్ పక్కన ఒక స్టూలు, దాని మీద మెత్త, మంచినీళ్ల కూజ. మిషిన్‌కు స్టూలెందుకు బిడ్డా? ఆయన నా దిక్కు సూడకుంట దవాఖానకు పోయిండు. నేను పోయి కూసున్న.

శ్రావణం దాక రోజూ గంతే. గా నెలలనే జానకమ్మ కాలం చేసింది. తర్వాత సాయంత్రాలు ఆయననే కూసునేటోడు గా స్టూలు మీద. అప్పటికి ఆటోమేటిక్ మంచిగనే నడుస్తుండె, ఎవ్వలు కూసునే పనే లేకుండె.

...ఔ గని, నీ బస్సు ఎన్నింటికి?