మగ్గం గుంతలో విమానం

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆ వారం మూడుసార్లు స్తంభం మీద ఫీజు పోయింది. మూడోసారి పోయినప్పుడు సుంకమ్మ ఇంట్లో కండెలు చుట్టే మోటారు గక్కున ఆగి, నూలంతా చిక్కుపడి, విప్పేసరికి ఆమెకు ప్రాణం విసిగింది. ఇంక ఓర్చుకోలేదు. మర్నాడు నాలుగు గంటలకల్లా లైన్‌మన్ కాశప్పను వెంటబెట్టుకొని వచ్చి భీమమ్మ అరుగు ముందర నిలబెట్టింది.

"ఇదే ఇల్లు. ఇంట్లో విమానం నడిపే కంప్యూటర్ పెట్టినారు. అది వచ్చినప్పట్నుంచే మాకీ పీడ. రాసుకో కాశప్పా. దాన్ని ఈ వీధిలో వెలిగించకూడదని రాయి."

కాశప్ప చంకలోంచి పుస్తకం తీశాడు.

విషయం చిన్నదేం కాదు. భీమమ్మ మనవరాలు పల్లవి పైలట్ శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. వచ్చే నెలలో ఎంపిక పరీక్ష. ఆ పరీక్షలో కంప్యూటర్ మీదే విమానం లేపాలి, తిప్పాలి, దించాలి. పగలంతా బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి సాధన చేయడానికని ఆ పిల్ల ఆదోనిలో పనిగట్టుకొని కంప్యూటర్ చేయించింది. కాశప్ప రెండు ముక్కలు గీకితే ఆ సాధన అక్కడితో సరి. పల్లవి బడి నుంచి ఇంకా రాలేదు. కంప్యూటర్‌ను కాపాడే భారం డెబ్బై రెండేళ్ళ భీమమ్మ నోటి మీద పడింది.

ఆ నోటికి అదొక బరువా? ఆదోని సంతలో చేతిసంచిలో పట్టేంత గుమ్మడికాయ కొని, బస్సు దిగి ఇంటికి నడిచేలోపు దాన్ని మోయడానికి నలుగురు మనుషుల్ని పెట్టిన నోరది.

"కూసో నాయనా కాశప్పా. ఉగ్గాని చేసినా, తిను. రాసేది యాడికి పోతుంది?"

కాశప్ప కూర్చున్నాడు. చేసిన తప్పు అదే. పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని, పక్కన బజ్జీ కనబడేసరికి సుంకమ్మ కూడా కూర్చుంది. ఎదురింటి కోడలు సరస్వతి చేటలో వేరుశనక్కాయలు వేసుకొని వచ్చి మెట్టు మీద చేరింది.

"నేను చేసింది పెద్దదేం కాదప్పా," అని మొదలుపెట్టింది భీమమ్మ. "ఆదోనికి పోతి. గౌసు అంగట్లో పక్కన కూసోని ఒక కంప్యూటర్ చేయించుకోనొస్తి. అంతే. రైక కుట్టించుకోనొచ్చినట్ల."

"నువ్వు చేయించినావా, పల్లవి చేయించిందా?" అంది సుంకమ్మ.

"పాప నాకు తోడొచ్చిందిలే. గౌసు అడిగినాడు, 'అవ్వా, తయారుగా ఉండేది ఇయ్యల్నా, మీ కొలతకు చేయల్నా?' అని. తయారుగా ఉండేదాంట్లో విమానమెక్కితే, నడిమధ్యలో బొమ్మ నిలబడిపోతుందంట. ఆకాశంలో నిలబడితే ఏమైతుంది కాశప్పా? నువ్వు స్తంభాలెక్కేవాడివి, నీకు తెలుసు."

"పడతాం," అన్నాడు కాశప్ప బజ్జీ నములుతూ.

"అదీ! అందుకే 'కొలతకే చెయ్యి నాయనా' అంటి. ఒక్కొక్క సామాను నా చేతికిచ్చినాడు. బొమ్మలు చూపించే కార్డొకటి ఉంటుంది, ఇటికరాయంత. దాన్ని పుచ్చకాయను తట్టినట్ల తట్టి చూసి, 'ఇది పచ్చిది, ఇంకొకటి తియ్యి' అన్నా. గౌసు లేచి నిలబడి సలాం కొట్టినాడు. 'పదేండ్ల నుంచి ఇదే పని చేస్తాండా, తట్టి చూడల్లని నాకు తెలియలేదవ్వా' అన్నాడు. ఆ పొద్దు నుంచి తట్టకుండా ఏదీ అమ్మడంల్యా."

"పెట్టింది యాడ అవ్వా?" అంది సరస్వతి.

"యాడ పెడ్తాం? మగ్గం గుంతలో!"

ఇది మాత్రం నిజం. భీమమ్మ మొగుడు పోయినాక మగ్గం విప్పేశారు గానీ, గుంత అట్లాగే ఉండిపోయింది. గట్టు మీద కూర్చొని కాళ్ళు లోపలికి వదిలితే, మగ్గం తొక్కుడు చెక్కలు ఉండిన చోటే విమానం పెడళ్ళు సరిగ్గా అమిరాయి. ఎదురుగా తెర, చేతికి స్టీరింగు, గుంత మూలలో కంప్యూటర్ డబ్బా. ఆ గుంత సంగతి సూచించింది కూడా భీమమ్మే. కథలో నిజం అక్కడితో అయిపోయింది.

"ఇంక మొదటిసారి ఎక్కినా సూడు. ఆ పెడళ్ళ మీద కాళ్ళు పెడితి. యాభై ఏండ్లు మగ్గం తొక్కిన కాళ్ళు, ఊరుకుంటాయా? ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఎడమది తొక్కితే విమానం ముక్కు అట్ల పోతుంది, కుడిది తొక్కితే ఇట్ల పోతుంది. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె మాదిరి! మబ్బులో ఈ పక్క దూరతా, ఆ పక్క తేలతా. ఆ పక్క దూరతా, ఈ పక్క తేలతా. అట్ల పోయి పోయి, వెనక్కి తిరిగి చూస్తి. ఏం కనబడింటుంది, సెప్పు సూద్దాం?"

"ఏం కనబడింది?" అన్నాడు కాశప్ప. చేతిలో పుస్తకం మూసుకుపోయింది, ఆయన చూసుకోలేదు.

"మబ్బంతా నేత పడిపోయింది నాయనా! అంచుతో సహా!"

"ఏం అంచు అవ్వా?"

"ఎర్రంచు. పొద్దు గూకే టైము గదా."

సరస్వతి కాయలు వలవడం మానేసింది. "ఎన్ని గజాలుంటుంది?"

"మనూరి నుంచి ఆదోని దాకా. టేపు తీసుకోనిపోయి కొలుచుకో. ఆదోని దగ్గరకొస్తే కొండమీద కోట అడ్డమొచ్చింది. గోడకు తగిలి గవర్నమెంటోళ్ళతో మాట పడేదెందుకని, రెక్కలు రెండూ దగ్గరికి ముడుచుకోని, సందులో పక్కవాటంగా దూరి, పత్తి మార్కెట్లో దించితి. నా గాలికి బోరాల్లో పత్తి బోరాల్లో ఉంటుందా? లేచింది! అది తిరిగి వాలేసరికి యార్డులో ఉన్న మొగోళ్ళందరికీ ఇంతింత తెల్లగడ్డాలు. నిన్నమొన్న మీసం మొలిచినోళ్ళకు కూడా! ఒకాయప్ప పెండ్లాం బువ్వ తెచ్చి, మొగుడెవరో తెలీక, క్యారియరు వాళ్ళ మామకిచ్చిపోయింది."

కాశప్పకు నవ్వుతో పొరబోయింది. సుంకమ్మే నీళ్ళందించింది. అందించి, తాను వచ్చిన పని గుర్తొచ్చి ముఖం ముడుచుకుంది.

"ఆ తర్వాత?" అని ఆమే అడిగింది మళ్ళీ.

"తర్వాత కైరుప్పల. కింద పిడకలతో కొట్టుకుంటాండారు జనం. ఒక పిడక గురితప్పి పైకొచ్చి నా అద్దానికి టప్పుమని అంటుకుంది. మూడు దినాలు వాసన పోలే."

"ఆగాగు! కైరుప్పల పిడకల కొట్లాట ఉగాది అయిన మర్నాడు గదా? మీ కంప్యూటర్ వచ్చింది ఆషాఢంలో!"

"నేను పోయిన స్పీడు నీకేం తెలుసే సుంకీ? ఉగాది దాటి వెనక్కిపోయింటి. ఇంకొంచెం తొక్కింటే నీ పెండ్లి కనబడేది. వద్దులే, నీ ముఖం చూసి మీ ఆయన వెనక్కి పరిగెత్తినా పరిగెత్తుతాడని బ్రేకు కొట్టినా."

అరుగంతా ఘొల్లుమంది. అప్పుడే ఆదోని బస్సు దిగి, చేతిలో సంచి పట్టుకొని జమ్రుద్‌బీ వచ్చింది. ఈమె గౌసు తల్లి. నెలకోసారి తువ్వాళ్ళు కొనుక్కోవడానికి ఈ వీధికి వస్తుంది.

"భీమక్కా, నీకొక మాట చెప్దామని..."

"కూసో బీ, కూసో! ముందు తిను, తర్వాత మాట!" అని భీమమ్మ గబగబా పళ్ళెం చేతిలో పెట్టి, బజ్జీ ఏకంగా నోటికే అందించింది.

అంత తొందర ఎందుకో చెప్పాలి. ఆ గుంతలో ఇప్పుడు తెర ఉంది, స్టీరింగు ఉంది, పెడళ్ళున్నాయి. డబ్బా లేదు. కంప్యూటర్ వచ్చిన పొద్దున భీమమ్మ ఇదే అరుగు మీద నిలబడి, నూరేళ్ళు నడుస్తుందని వీధంతా వినబడేలా చాటింది. "ఈ నూలు దుమ్ములో పది దినాలు నడిస్తే గొప్ప," అంది సుంకమ్మ. సరిగ్గా పదో రోజుకు ఆగింది. మగ్గం గుంత కాళ్ళకు అనుకూలమే గానీ, యాభై ఏళ్ళ నూలుపొట్టు అడుగున కూర్చుని ఉందనే సంగతి అవ్వకూ తట్టలేదు, మనవరాలికీ తట్టలేదు. అదంతా ఫ్యాను లోపలికి లాగేసుకుంది. పల్లవి శుక్రవారం మొదటి బస్సుకు డబ్బాను దుప్పట్లో చుట్టి గౌసు దగ్గర వదిలి వచ్చింది. అది సుంకమ్మకు తెలియనివ్వడం కంటే ఇంకో నాలుగు విమానాలు ఎగరేయడం భీమమ్మకు సులువు. అందుకే తెర మాత్రం కనబడేలా తలుపు ఓరగా తెరిచి పెట్టుకుంది.

జమ్రుద్‌బీ నోరు నిండా బజ్జీతో కూర్చుంది. భీమమ్మ తుగ్గలి మీదికి మళ్ళింది.

"తుగ్గలి చేలల్లో వాన పడి నిలిచింది. మీరంతా వంగి వంగి వజ్రాలు ఎతుకుతారే, పైనుంచి సూడల్ల! చుక్కలు రాలినట్ల ఉండాయి. ఒక్కొక్కటి రాగిసంగటి ముద్దంత."

"ఒకటన్నా తేకపోతివా?"

"బెల్టు పెట్టుకోనుంటి సరస్వతీ. వంగనీకి రాలే."

కాశప్పకు ఎట్టకేలకు తన ఉద్యోగం గుర్తొచ్చింది. "అది సరే గానీ అవ్వా, ఇంత దూరం తిరిగితే కరెంటు ఎంత లాగుతుంది?"

ఈ ప్రశ్న కోసమే కాచుకొని ఉన్నట్టు భీమమ్మ కొంగు బిగించింది.

"కరెంటా? నేల మీదినుంచి లేపేటప్పుడు రవ్వంత. పైకి పోయినాక దాంతో పనేముంది? పైన గాలి ఊరికే దొరుకుతుంది. గాలికి ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను తిరిగితే కరెంటు పుడుతుంది. నాకు చాలినంత వాడుకోని, మిగిలింది మీ స్తంభానికే పంపిస్తాండా. మీ ఆఫీసులో లెక్క ఎక్కువొచ్చిండల్లే, ఎవరూ చూసుకోలేదా?"

కాశప్ప పడీ పడీ నవ్వాడు. కళ్ళు తుడుచుకొని, పెన్ను జేబులో పెట్టుకొని, "నీతో కాదులే అవ్వా," అని లేవబోయాడు. సుంకమ్మ ముఖం మాడిపోయింది.

భీమమ్మ గెలిచింది. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. కానీ వినేవాళ్ళు లేచిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో రాలేదు.

"అప్పుడే యాడికి పోతావు? అసలుది వినకుండా! నిన్న హాలహర్వి మీద ఒక వానమబ్బు కర్ణాటక పక్కకు జరుగుతాండాది. మనూరికి చుక్క లేదు, అది వాళ్ళ కాడికి పోతుందా అని నాకు రోషమొచ్చింది. కొంగు తీసి దాని కొసకు ముడేసి, విమానం ఎనకాల కట్టి, బరబరా ఈడ్చుకోనొస్తాండా..."

కాశప్ప ఆగిపోయాడు. "నిన్ననా?"

"నిన్ననే!"

"ఎన్ని గంటలకు?"

"ఆరున్నర. బాగా గుర్తుంది. మబ్బు బరువుకు ఇంజను ఊ అని మూలుగుతాండాది."

"నిన్న ఫీజు పోయింది ఆరూ నలభైకి," అంటూ కాశప్ప జేబులోంచి పెన్ను తీశాడు.

సుంకమ్మ ముఖంలో దీపాలు వెలిగాయి. "రాయి! దాని నోటితోనే ఒప్పుకుంది, రాయి!"

"నిన్న కాదులే," అంది భీమమ్మ. "సోమవారం అనుకుంటా."

"సోమవారం రెండోసారి పోయింది."

"సోమవారమా? కాదు, శనివారం."

"మొదట పోయిందే శనివారం అవ్వా. సాయంత్రమే." కాశప్ప పుస్తకం తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన గొంతులో నవ్వు లేదిప్పుడు. "కథకేంలే గానీ, వీధంతా చీకట్లో ఉండాది. కంప్యూటర్ నడిచిన టైముకే ఫీజు పోయిందంటే నేను రాయక తప్పదు."

పెన్ను కాగితం మీద ఆనింది. అప్పటికి జమ్రుద్‌బీ నోట్లో బజ్జీ అయిపోయింది.

"నిన్న ఎట్ల ఎగిరినావు భీమక్కా?" అంది ఆమె అమాయకంగా. "శుక్రవారం నుంచి డబ్బా మా గౌసు అంగట్లోనే ఉంది కదా! మీ నూలుపొట్టంతా దాని కడుపులోనే. వాడు తీసిందంతా తెచ్చి మా ఇంట్లో పోసినాడు, రెండు దిండ్లు కుట్టుకున్నా. రాత్రి ఆ దిండు మీదే పండుకుంటి. డబ్బా బాగైంది, వచ్చి తీసుకపోమని చెప్పనీకే కదా నేనొచ్చింది!"

సుంకమ్మ దిగ్గున లేచి, ఓరగా ఉన్న తలుపు తోసి, గుంతలోకి తొంగి చూసింది. "డబ్బా ల్యా! ఉత్త అద్దముంది! పది దినాలు అంటినా లేదా నేను? అంటినా లేదా?"

"డబ్బా లేకుండా అది నడవదా?" అని కాశప్ప జమ్రుద్‌బీని అడిగాడు.

"నడవదప్పా. ముఖం చూసుకోని తల దువ్వుకోనీకి పనికొస్తుంది."

కాశప్ప భీమమ్మ వైపు తిరిగాడు. "నువ్వే సెప్పల్ల అవ్వా. ఎగిరినానంటే ఫీజు నీ లెక్కలోకి పోతుంది, కంప్యూటర్ ఆపల్ల. ఎగరలేదంటే నాకీ ఇంటితో పనే లేదు, పోయి స్తంభం కాడ చూసుకుంటా. ఎగిరినావా, ఎగరలేదా?"

భీమమ్మ అందరి ముఖాలూ చూసింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా నేసిన మబ్బు, ఎర్రంచుతో సహా, ఒక్కొక్క పోగే ఊడిపోతోంది. సరస్వతి ఇంకా నోరు తెరుచుకొనే ఉంది, ఆ వానమబ్బు ఊళ్ళోకి చేరిందో లేదో చెప్తుందేమోనని. ఎగిరినానంటే సుంకమ్మ ముందర ఇంకొక్క నిమిషం నిలబడొచ్చు. పల్లవి మాత్రం నిలబడదు.

"ఎగరలే," అంది.

"వినపడలేదు అవ్వా."

"ఎగరలేదప్పా! నేను దాని మీద కూసోనే లేదు! పాప తొక్కుతాంటే గట్టు మీద నిలబడి చూసినా, అంతే!"

డెబ్బై రెండేళ్ళలో ఇంత చిన్న కథ ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

కాశప్ప రాసుకుంటూ పైకి చదివాడు. "కంప్యూటర్ శుక్రవారం నుంచి ఇంట్లో లేదు. నేను విమానం నడపలేదు."

"మబ్బు నేయలేదని కూడా రాయి!" అంది సుంకమ్మ. "పత్తి గడ్డాలు లేవని రాయి! వజ్రాలు చూడలేదని రాయి! నా పెండ్లి దగ్గరికి రాలేదని పెద్దక్షరాలతో రాయి!"

కాశప్ప అన్నీ రాశాడు. పేజీ నిండింది. "సంతకం పెట్టవ్వా."

భీమమ్మ పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కొని, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు చాలాసేపు రాసింది. పేరుకు అంతసేపు ఎందుకని ఎవరూ అడగలేదు. రాసి, పుస్తకం మూసి, పెన్ను దాని మీద పెట్టి ఇచ్చింది. జమ్రుద్‌బీతో, "పాప రాగానే డబ్బా తెచ్చుకుంటుందిలే బీ," అంది.

కాశప్ప స్తంభం దగ్గరికి పోయి, నిచ్చెన ఆనించి, పైకెక్కే ముందు ఎందుకో పుస్తకం తెరిచి చూశాడు. నడపలేదు, నేయలేదు, చూడలేదు, పోలేదు అని పేజీ పొడుగునా తన చేతిరాత. కింద గుండ్రటి అక్షరాలతో భీమమ్మది:

"ఇట్లు, భీమమ్మ, రిటైర్డ్ పైలట్."