పాట అయిపోయేదాకా

జమ్మలమడుగులో శకుంతలమ్మ ఇల్లు, మధ్యాహ్నం పూట. ముందరింట్లో ఆమె, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన చెల్లెలి మొగుడు మహీధర్. చెల్లెలు మాధురి లోపలి గదిలో ఉంది, తలుపు వేసుకొని.

"…పాట కాదది వదినా, రేకుల మీద గులకరాళ్లు దొర్లించినట్టుంటాది. అట్లాంటిది చెవుల్లో పెట్టుకొని పొద్దంతా కూచుంటే నేను మనిషితో కాపురం చేస్తాండానా, గోడతో చేస్తాండానా?"

"అందుకని ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి పీకి మురిక్కాలవలో ఏస్తావా?"

"ఏసినా. చెత్త యాడ ఎయ్యల్ల మరి?"

"అంగట్లో, గిరాకీల ముందర."

"ఇద్దరే ఉండ్రి. వాళ్లూ అప్పటికే చీరలు బాగలేవని లేస్తాండ్రి."

"మహీధరా, మాధురి నా ఇంటికి వచ్చి ఎనిమిది దినాలాయ. నువ్వు వచ్చి గంటాయ. అది తింటాందా, పండుకుంటాందా, ఎట్లుంది, ఏమి కత? ఒక్క మాట అడగలే. వచ్చినప్పటి నుంచీ పాటలు, పాటలు, పాటలు."

"గొడవ వాటితోనే కదా వచ్చింది? మూలం చెప్తాండా."

"చెప్పు. కాఫీ చల్లారిపోతాంది, తాగుతా చెప్పు."

"మా పాప సింధు, వాళ్లమ్మకు ఆ ఫోన్ కొనిచ్చినప్పటి నుంచీ పట్టింది ఈ జబ్బు. పొద్దున వైర్లు, మాపున వైర్లు. పిలిస్తే పలకదు. మన కాలంలో పాట వినేదంటే అదొక పని వదినా. క్యాసెట్ ఎయ్యల్ల. ఒక పక్క అయిపోతే తిప్పల్ల. టేపు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి చుట్టల్ల. ఇప్పుడు? ఏలు ఇట్లంటే ఒక పాట, అట్లంటే ఇంగొకటి. మొన్న పులివెందుల నుంచి వస్తాంటే డ్రైవరు పెన్‌డ్రైవ్ పెట్టినాడు. ముద్దనూరు వచ్చేలోపల నలభై పాటలు మార్చినాడు. ఒక్కటన్నా అయిపోనీలే. వాయించేవానికి ఓపిక లేదు, వినేవానికి ఓపిక లేదు. అందరికీ ఎక్కిళ్లు వచ్చినట్టుంది."

"నువ్వు అయిపోనిస్తావా?"

"నేనా? నేను పాట మొత్తం వినే రకం."

"యాడప్పా! పాట పెట్టేది నువ్వే, దానికి అడ్డం పడేదీ నువ్వే. 'ఇదో, ఇప్పుడు పిల్లనగ్రోవి వస్తాది చూడండి, ఇదో వచ్చె, విన్నారా, విన్నారా' అని. ఆ అరుపుల్లో పిల్లనగ్రోవి వచ్చింది, పాయ. మేమంతా విన్నది నిన్ను."

"తెలియనోళ్లకు చెప్పల్ల కదా."

"తెలిసినోడివి కదా. అంగట్లో ఎప్పుడూ ఒక పాట కూనిరాగం తీస్తావే, ప్రాణం అంటావే, దాంట్లో రెండో చరణం పాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"అదీ… తానన… తాననా… రెండోదెందుకు వదినా, పల్లవి పాడతా."

"పల్లవి అందరికీ వస్తాది. చరణం పాడు."

"ముప్పై ఏండ్లాయ. గుర్తుంటాదా?"

"గుర్తే లేనిదాని మీద ఇంత ప్రేమ ఎట్లప్పా?"

"ప్రేమ… ఎట్ల చెప్పల్ల నీకు? ఆ పాట వస్తే నేను కనపడతాను వదినా. ఇరవై రెండేండ్లోన్ని. మెయిన్ బజార్లో సైకిల్ మీద, చొక్కా గుండీలు రెండు తీసి. ఇప్పుడొచ్చే పాటలు ఎన్ని వెతికినా వాటిల్లో నేను యాడా లేను."

"అంతదానికి అద్దం కొనుక్కోప్పా. పాటలెందుకు?"

"ఎగతాళి చెయ్యద్దు. నిశ్చితార్థం అయినాక నేనేమిచ్చినా మాధురికి? ఊర్లో అందరూ చీర ఇస్తారు, వాచీ ఇస్తారు. నేను క్యాసెట్ ఇచ్చినా. తొంభై నిమిషాలది. హబీబుల్లా రికార్డింగ్ అంగట్లో ఒక్కొక్క పాట ఏరి చేయించినా. వారం దినాలు పట్టింది. ఇప్పటి పిల్లోళ్లు ఇస్తారా అట్ల? ఫోన్‌లో ఒక గుండె బొమ్మ కొట్టి పారేస్తారు."

"ఏరినావా?"

"ఏరినా."

"నాకు మీ అన్న ఇచ్చిన క్యాసెట్ ఇంగా బీరువాలో ఉండాది. నీకన్నా మూడేండ్ల ముందర. అదీ హబీబుల్లా దగ్గరిదే. మొదటి పాట నుంచి కడపటి పాట దాకా రెండూ ఒకటే. వరస కూడా మారలే."

"ఎట్లయితాది?"

"ప్రొద్దుటూర్లో పెండ్లి కుదిరిన మొగోళ్లందరికీ ఆయప్ప ఒకటే క్యాసెట్ చేసి ఇస్తాండె. మా వీధిలోనే నలుగురు ఆడపిల్లోళ్లకు వచ్చింది. అట్ట మీద పేరొక్కటే మారేది."

"నాకు చెప్పలేదే హబీబుల్లా!"

"నువ్వు ఏమని అడిగినావు? నిజం చెప్పు."

"ఏమని… 'పెండ్లి కుదిరింది, మంచివి ఎయ్యి భాయ్' అన్నా."

"వారం దినాలు ఏరింది ఇదేనా?"

"వారం తర్వాత రమ్మన్యాడు. వారం ఎదురుచూసినా కదా!"

"భేష్."

"ఇది… ఇది మాధురికి తెలుసా?"

"చేతికొచ్చిన దినమే తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టుకొని మేమిద్దరం నవ్విన నవ్వుకు మా నాయన ఏమైందని లేచి వచ్చె."

"ముప్పై ఏండ్లలో ఒక్కసారన్నా అనలే."

"నువ్వు ఆ క్యాసెట్ గురించి వచ్చినోళ్లకంతా చెప్పుకుంటాంటే చెప్పబుద్ధి కాలేదంట. జాలి."

"జాలి!"

"మరేమనుకున్నావు?"

"సరే వదినా. తిట్టినావు, నవ్వినావు, అయిపాయ. ఇంగ పిలువు దాన్ని. అంగడి మూసి వచ్చినా. ఐదు గంటల బస్సుకు పోవల్ల. ఎనిమిది దినాలు హోటల్ ఇడ్లీ తిని కడుపు రాయి అయింది."

"ఇడ్లీ కోసమా వచ్చింది?"

"కాదులే… ఇల్లు బాగలేదు. రాత్రి టీవీ ఆపితే గడియారం వినపడతాంది. ఆ గడియారం అంత గట్టిగా కొట్టుకుంటాదని నాకు తెలీనే తెల్దు. పిలువు వదినా. ఏం కావల్లంట? కొత్త ఇయర్‌ఫోన్లు కావల్లంటే బజారుకు పోయి తెస్తా, పో."

"ఇయర్‌ఫోన్లు ఎవురికి కావల్ల? ఇదో, నా ఫోన్ చూడు. పొద్దున నువ్వు వస్తాండానని చెప్పినప్పుడు అది దీంట్లోకి ఒక పాట పంపించింది. నాలుగు నిమిషాలుంటాది. ఈయప్పను కూచోబెట్టి వినిపించక్కా అనింది. అయిపోయేదాకా నోరు తెరవకుండా వింటే, సంచి తీసుకొని నీ వెంబడి బస్సెక్కుతాదంట. నోరు తెరిస్తే నువ్వొక్కనివే పోవల్లంట."

"ఇదేం పందెం? చిన్నపిల్లోళ్లమా?"

"పందెమో ఏమో. చెప్పేటప్పుడు దాని మొగంలో నవ్వు లేదు."

"ఒక్క పాటే కదా? తర్వాత ఇంగేమీ పెట్టదు కదా?"

"ఒక్కటే."

"పెట్టు. నాలుగు నిమిషాలు ఊపిరి కూడా తియ్యను."

"ఊపిరి తియ్యి. మాట తియ్యద్దు. పెడతాండా."

"అరె! మన కాలం పాటనే కదా వదినా ఇది!"

"మహీధరా!"

"సంతోషం పట్టలేక వచ్చింది. ఇది లెక్క ఎయ్యద్దు. అమ్మతోడు, మళ్లీ పెట్టు."

"మొదటి నుంచి పెడతాండా. ఇంగ నా చేతిలో లేదు, అది తలుపు ఎనకాలే ఉండాది. కూచో. కాలు ఊపద్దు."

"ఊ."

"ఊ కూడా అనద్దు."

"…"

"మొగం అట్ల పెట్టద్దప్పా. విను. నీలో నువ్వు విను."

"…"

"సగమైంది. ఇంగ కొంచెమే. ఓర్చుకో."

"ఓర్చుకుంటాండా వదినా, కానీ ఒక్క మాట. ఒకే ఒక్క మాట. ఇది అసలు పాడినామె కాదు."

"అసలామె అని నేను చెప్పినానా? విను ముందు."

"ఏం వినల్ల? పాట మంచిది, పట్టుకొచ్చి గొంతు పిసికినారు. ఆ వాయిద్యాలు చూడు, డబ్బాలో చెమ్చాలు ఆడించినట్టు. ఈమె గొంతుకు ఏదో పూసినారు, బావిలోంచి పిలిచినట్టుంది. పైకి పోయేటప్పుడు చూడు… ఇదో, ఇదో వస్తాంది… విన్నావా? ఆయాసం! యాభై దగ్గరబడిన గొంతు పదారేండ్ల పాట పాడితే ఇంతే."

"మహీధరా, చాలు."

"ఉండు వదినా, ఇది చెప్పాల్సిన సంగతే. మన కాలంలో పాడాలంటే ముందు అర్హత ఉండల్ల. ఇప్పుడు ఫోనుంటే చాలు, ఉప్మా కలిపే చేత్తోనే పాట కూడా కలుపుతారు. ఎవురు ఈయమ్మ?"

"మన వైపామే."

"తెలుస్తానే ఉంది. సంగీతం నేర్చుకుందా?"

"చిన్నప్పుడు రెండేండ్లు నేర్చుకునింది. పెండ్లితో నిలిచిపాయ. ఇప్పుడు ఫోన్‌లో వాయిద్యాలు వస్తాంటే, చెవుల్లో పెట్టుకొని, వాటి వెంబడి పాడుతాది. ఇంట్లో ఎవురూ లేనప్పుడు, వాకిలేసుకొని."

"వాకిలి ఏసుకునే తెలివన్నా ఉంది. పాపం, ఎవురికీ వినపడదు."

"రెండు వందల మంది దాకా వింటారంట ఫోన్‌లో. శానా బాగుందక్కా, ఇంగొకటి పాడు అని రాస్తారంట."

"వాళ్లకూ పనిలేదు, ఈయమ్మకూ పనిలేదు. నాకు తెలీక అడుగుతా వదినా, ఈమెకు మొగుడనేవాడు లేడా? 'ఈ వయసులో నీకెందుకే ఇది, నోరు మూసుకో' అని వాడన్నా ఒక్క మాట చెప్పద్దా?"

"చెప్పినాడప్పా. తలుపు అవతలికి వినపడేటట్టు ఇప్పుడే చెప్పినాడు."